మావయ్యగారు, బదనికలు, నా నెట్టు

నిన్న పొద్దున నెట్టు పోయింది. పోగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మావయ్యగారూ, మళ్ళీ ఏం పీకారండీ?" అని. హాల్లో కూర్చుని తమలపాకులు తుడుచుకుంటున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. నేనూ నాలిక్కరుచుకున్నాను. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయినాయన వచ్చి ఏం పీకుతారు? అయినా సరే, మా ఇంట్లో నెట్టు పోతే ముందు ఆయన మీదే అనుమానం. అంత పేరు తెచ్చుకుని మరీ పోయారు మహానుభావుడు.

మావయ్యగారంటే మా ఆయన తండ్రి. నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో మాకో మామిడితోట ఉంది. ఆయనకి ఈ ప్రపంచంలో తెలిసినవి రెండే. మామిడి చెట్టు ఒకటి, దాని మీద పట్టే బదనిక ఒకటి. మిగతా సృష్టినంతా ఈ రెంటిలో ఏదో ఒకదాని కింద సర్దేసేవారు. కంప్యూటరుని కూడా. అదీ నా ఖర్మ.

మామిడితోటలు లేని ఊరివాళ్ళకి బదనిక అంటే తెలియదు. చిలకలూరిపేట నుంచి కాపురానికొచ్చేదాకా నాకూ తెలియదు. పిట్ట వచ్చి కొమ్మ మీద ముక్కు రాసుకుంటే, దాని ముక్కుకున్న గింజ అక్కడ అంటుకుని మొలుస్తుంది. నేలలో వేరుండదు. చెట్టు రసమే తాగి బతుకుతుంది. కింద నుంచి చూస్తే అదీ చెట్టులో భాగమే అనిపిస్తుంది, ఇంకా మాట్లాడితే చెట్టుకన్నా పచ్చగా, కళగా ఉంటుంది. వదిలేస్తే కొమ్మ ఎండిపోతుంది. అందుకని వానలు తగ్గాక, పూత రాకముందే మనుషుల్ని పెట్టి కోయించాలి.

ఆ రోజుల్లో మావయ్యగారిని చూడాలి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, తల ఆకాశంలోకి ఎత్తి, చెట్టు చెట్టుకీ ఆగుతూ నడిచేవారు. కింద గుంట ఉందో పాముందో చూసుకునే పని లేదు. తోటలోనే అయితే నాకేం బాధ లేదు. ఒకసారి మైలవరంలో పెళ్ళికి వెళ్తూ కారు కిటికీలోంచి తల బయటపెట్టి, "అయ్యో అయ్యో, ఎవడిదో ఈ తోట, మొద్దునిద్ర పోతున్నాడు" అని దారంతా నసిగారు. పెళ్ళిలో ఆ తోటాయన్ని వెతికి పట్టుకున్నారు. పంక్తిలో పక్కన కూర్చుని, "మీ రోడ్డువైపు చెట్లకి బదనికలు పట్టినయ్యండీ, మీకు చూపు ఆనట్లేదా?" అని అడిగారు. ఆయన పెళ్ళికొడుక్కి సొంత మేనమామ. మేము పెరుగన్నం తినకుండానే లేచి వచ్చేశాం.

ఇలాంటి మనిషి చేతికి కంప్యూటరు మౌసు దొరికింది.

నా ఉద్యోగం సంగతి చెప్తే గానీ నా బాధ అర్థం కాదు. నేను హైదరాబాదులో ఒక కంపెనీకి పనిచేస్తాను. డాక్టర్లు రోగి గురించి మాట్లాడి రికార్డు చేసింది విని, రిపోర్టుగా టైపు చెయ్యాలి. కరోనా రోజుల్లో ఇంటి నుంచి చేయమన్నారు, ఆ తర్వాత కొందరిని అలాగే ఉంచేశారు. మా హాల్లో ఉన్న కంప్యూటరులోనే కంపెనీవాళ్ళ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఆఫీసులోకి లోపలి దారి పడటానికి దాంతోపాటు ఒక అడాప్టరు కూడా వస్తుంది. చేత్తో పట్టుకునే వస్తువు కాదది, కంప్యూటరులో పేరుకి మాత్రం ఉంటుంది. ఆ దారి మూసుకుపోతే నాకు పని లేనట్టే. మాటిమాటికీ మూసుకుపోతే హైదరాబాదు వచ్చి ఆఫీసులో కూర్చోవాలని షరతు.

మా ఆయన ఇక్కడ బడిలో టీచరు. సంసారం మొత్తం ఇక్కడ. హైదరాబాదు వెళ్ళమంటే మానేయడమే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మానేసి చూశాను. గిన్నెలు తోమాక, బట్టలు మడతపెట్టాక, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్న ఆ మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తు. ఇంకోసారి ఆ మధ్యాహ్నాల్లోకి వెళ్ళడం నా వల్ల కాదు.

మావయ్యగారికి కంప్యూటరు పిచ్చి ఫోనులో చూసిన ఒక వీడియోతో పట్టుకుంది. కంప్యూటరు నెమ్మదిగా ఉంటే డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి అక్కర్లేనివి తీసేయమని అందులో ఎవడో చెప్పాడట. వాడెవడో నాకు దొరకాలి! ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాఫీ అవగానే ఆయనకి ఇది రెండో తోట అయిపోయింది. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, చేతులు వెనక్కి కట్టుకుని, ముందు కాస్త దూరం నుంచి తెర మొత్తం పైనుంచి కిందకి చూసేవారు. తర్వాత వంగి దగ్గరగా చూసేవారు. అప్పుడు నేను వంటింట్లో ఉన్నా సరే, పొయ్యి తగ్గించి హాల్లోకి వచ్చేసేదాన్ని.

నెట్‌వర్క్ అడాప్టర్లు అన్న చోట నొక్కితే పేర్లు దిగుతాయి. వైరుది ఒకటి, వైఫైది ఒకటి. అంతవరకు ఆయనకి అభ్యంతరం లేదు. ఆ కింద బ్లూటూత్‌ది ఒకటి, వర్చువల్ అని ఒకటి, ఇంక మినీపోర్ట్ మినీపోర్ట్ అంటూ బోలెడు.

"ఇవేంటమ్మాయ్?"

"అవి విండోస్‌వండీ. దాని అవసరానికి అదే పెట్టుకుంటుంది."

"నువ్వు పెట్టావా?"

"లేదండీ."

"నేను పెట్టలేదు. అబ్బాయి పెట్టలేదు. మరి ఎవడు పెట్టాడు?"

"చెప్పాను కదండీ, విండోసే..."

"అంటే, పిట్ట పెట్టిందంటావ్."

ఆయన ఒక్కొక్కటే పీకేసేవారు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే అవన్నీ వాటంతటవే తిరిగొచ్చేవి. అవి అలాంటివే, విండోస్ మళ్ళీ పెట్టేసుకుంటుంది. మామూలు మనిషైతే, ఓహో ఇవి ఉండాల్సినవే కాబోలు అనుకుని ఊరుకుంటాడు. ఈయన తొడ చరిచి, "చూశావా! కోసినచోటే మళ్ళీ మొలిచినయ్. వేరు లోపలుంది!" అనేవారు. ఏ చీటీ పాట గెలిచినప్పుడూ అంత సంబరం చూడలేదు ఆయన మొహంలో.

నాకూ ఓపిక ఉన్న రోజులుండేవి. ఒకరోజు పీట వేసుకుని పక్కన కూర్చున్నాను. "చూడండి, డ్రైవరంటే ఫలానా వస్తువుతో ఎలా మాట్లాడాలో కంప్యూటరుకి నేర్పే సాఫ్ట్‌వేరు. అడాప్టరంటే నెట్టు లోపలికొచ్చే గుమ్మం. మనింటికి వీధిగుమ్మం ఉంది, పెరటిగుమ్మం ఉంది. పెరటివైపు రోజూ వెళ్ళకపోయినా దానికి గోడ కట్టెయ్యం కదండీ?" అన్నాను. ఎంత బాగా చెప్పానో అని నాకు నేనే మురిసిపోయాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "మన పెరటిగుమ్మం నేను పెట్టించిందే కదమ్మా" అన్నారు. నేను పీట తీసుకుని లేచిపోయాను.

మా ఆయనకి చెప్తే, "పెద్దాయన, పోనీలే, ఏదో కాలక్షేపం" అనేవాడు. ఆయన కాలక్షేపానికి నా నెట్టు పోయేది. అడాప్టరు పేరు కుడివైపు నొక్కి డిజేబుల్ చేసేవారు, నేను వెళ్ళి ఎనేబుల్ చేసుకునేదాన్ని. చివరికి మా మేనేజరు ఒకరోజు మెత్తగా చెప్పింది. "మీ పని బాగుంటుందండీ. కానీ ఇలా మధ్యలో మాయమైపోతే ఎలా? రేపు కాల్‌లో కూర్చుని తేల్చుకుందాం. ఇలాగే ఉంటే మీరు హైదరాబాదు వచ్చేయాల్సి ఉంటుంది" అంది.

ఆ మర్నాడు పొద్దున నేను వంటింట్లో ఉప్మా కలుపుతున్నాను. హాల్లోంచి కేక వినపడింది.

"దొరికిందమ్మాయ్! తల్లి దొరికింది!"

గరిటెతో సహా పరిగెత్తాను. మావయ్యగారు కుర్చీలో వెనక్కి వాలి, పంటపండినట్టు కూర్చున్నారు. తెర మీద పేర్లలో కంపెనీవాళ్ళు పెట్టిన అడాప్టరు కనపడలేదు.

"మిగతావన్నీ దీని పిల్లలమ్మా. అందుకే కోసినా మళ్ళీ వస్తున్నయ్. ఈసారి డ్రైవరు కూడా తీసేయమంటావా అని గడి చూపించింది. తీసెయ్ అని టిక్కు పెట్టా. వేరుతో సహా పోయింది."

"మావయ్యగారూ! అది నా ఆఫీసుదండీ!"

"ఇంకోటి కూడా పీకా. మన వైఫై పెట్టె మీద ఒక పేరుంది, ఇందులో ఇంకో పేరుంది. మారుపేరు పెట్టుకుని కూర్చుంది."

కంప్యూటరు లోపలి వైఫై చిప్పు ఒక కంపెనీది, బయట రౌటరు పెట్టె ఇంకో కంపెనీది. లోకంలో చాలా ఇళ్ళలో అలాగే ఉంటుంది. ఆయన అదీ పీకారు, వేరుతో సహా. ఆపి మళ్ళీ వేస్తే వైఫై ఉండాల్సిన చోట పసుపు ముక్కోణం ఒకటి వెక్కిరిస్తూ కూర్చుంది. నెట్టు రావాలంటే డ్రైవరు కావాలి. డ్రైవరు దించుకోవాలంటే నెట్టు కావాలి. వైరు లాగుదామంటే రౌటరు ఆ చివర గదిలో ఉంది, ఉన్న వైరు గుమ్మం దాకా కూడా రాదు. కాల్‌కి టైమవుతోంది. అటు ఉప్మా మాడు వాసన. నాకు ఏడుపొచ్చేసింది. కోపంతో వచ్చిన ఏడుపు.

కళ్ళు తుడుచుకుని నా ఫోను తెచ్చాను. చార్జింగు వైరుతో కంప్యూటరుకి తగిలించి, ఫోనులో నెట్టు పంచే మీట నొక్కాను. ఆ పేర్ల వరసలో టక్కున కొత్త పేరొకటి వచ్చింది. రిమోట్ అనో ఏదో, అంతకుముందు మా కంప్యూటరులో ఎప్పుడూ లేనిది. అదొక్కటే నాకిప్పుడు దిక్కు.

"అదిగో! కళ్ళముందే ఇంకోటి మొలిచింది!" అని మావయ్యగారి చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది.

నేనా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. కాపురానికొచ్చాక ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. వేళ్ళన్నీ మామిడి జీడి తగిలి కాలి నల్లగా, బెరడులా ఉన్నాయి.

"ముట్టుకోకండి! ఇది నేను పెట్టింది!" అని అరిచాను. వీధిలో వాళ్ళకి కూడా వినపడే ఉంటుంది.

"నువ్వు పెట్టావా?"

"నేనే పెట్టాను!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ" అని చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. అంతే. ఇంక దాని వైపు కన్నెత్తి చూడలేదు. ఇన్నాళ్ళ నా పాఠాలు, నా గుమ్మాలు, నా పీట అన్నీ వృథా అని నాకప్పుడు తెలిసింది. ఆయనకి అదేంటో అక్కర్లేదు. ఎవరు పెట్టారో తెలిస్తే చాలు.

ఫోను నెట్టుతో వైఫై డ్రైవరు దించాను. మా ఆఫీసు ఐటీ అమ్మాయి ఫోనులో చెప్తుంటే కంపెనీది మళ్ళీ ఎక్కించాను. కాల్‌లోకి ఆలస్యంగా వెళ్ళి, చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. మేనేజరు అన్నీ విని, "సరేనండీ, ఈసారికి. ఇంకోసారి మాత్రం నా చేతుల్లో ఉండదు" అంది. తలుపు దగ్గర నిలబడి మావయ్యగారు అంతా విన్నారు.

"ఇంకోసారైతే ఏమవుద్ది?"

"హైదరాబాదు వెళ్ళాలి. లేకపోతే మానేయాలి."

"మానేస్తే?"

"నాకు పిచ్చెక్కుతుంది మావయ్యగారూ."

ఆయన మాడిన ఉప్మానే తిని, గొడుగు తీసుకుని బయటికెళ్ళారు. తప్పయిందమ్మా అనే అలవాటు ఆ వంశంలోనే లేదు, మా ఆయన్ని చూస్తే తెలుస్తుంది. సాయంత్రం హనుమాన్ జంక్షన్ నుంచి బస్సు దిగి వచ్చారు. జేబులోంచి బొటనవేలంత వైఫై పుల్ల తీశారు, కంప్యూటరుకి గుచ్చుకునేది. దాని డ్రైవరు ఒక సీడీలో ఇచ్చాడు షాపువాడు. మా కంప్యూటరుకి సీడీ పెట్టే చోటే లేదు. అడిగి తేవచ్చు కదా అని పళ్ళు నూరుకుంటూ ఆ డ్రైవరూ నెట్టులోంచే దించాను.

"ఇది నీకు వేరేగా. అందరి దాంట్లోంచి కాదు" అన్నారు.

తర్వాత ఆయనే వెళ్ళి అత్తయ్య తమలపాకుల పళ్ళెంలోంచి సున్నం డబ్బా తెచ్చి, ఆ పుల్ల మీద వేలితో బొట్టు పెట్టారు. బొట్టు అంటే చిన్నది కాదు, పుల్ల మొత్తం తెల్లబడిపోయింది. మా తోటలో కాపు ఏటా పూత మీదే వ్యాపారికి అమ్మేస్తారు. ఇంటికోసం ఉంచుకున్న కాసిని చెట్ల మొదళ్ళకి మాత్రం సున్నం పూస్తారు. సున్నం ఉన్న చెట్టు వ్యాపారి మనుషులు ముట్టుకోరు. వాటిలో చెరుకురసం మామిడి చెట్టొకటి నా పేరు మీద ఉంది. నేను వచ్చిన ఏడాది ఆ కాయలు ఇష్టంగా తిన్నానని, అప్పటి నుంచి దానికి సున్నం తప్పలేదు.

"కాస్త చిన్నగా పెట్టొచ్చు కదండీ, లోపలికెళ్తే పాడైపోతుంది" అన్నాను.

"చిన్నగా పెడితే నాకు కనపడొద్దూ?"

కంప్యూటరులో కూడా దానికి గుర్తుండాలన్నారు. పేరు మార్చొచ్చని చూపించాను. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ, నేను అన్నం వార్చి వచ్చేదాకా కూర్చుని టైపు చేశారు. 'కోడలి చెట్టు' అని.

దాంతో నా కష్టాలు గట్టెక్కాయనుకుంటే పొరపాటే. మిగతావాటిని పీకే పని మానలేదు, కాకపోతే అవి పోయినా నాకేం కాదు. కంపెనీదాని జోలికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. కానీ ఈ 'కోడలి చెట్టు'కి కాపలా మొదలెట్టారు. నెట్టు నెమ్మదించి, నేనే దాన్ని ఆపి మళ్ళీ వేద్దామని చూస్తే, "ముట్టుకోకమ్మాయ్! సున్నం పెట్టిన చెట్టది!" అని వెనక నుంచి కేక. నాదేనండీ అంటే, నీదైతే మాత్రం అనేవారు. సున్నం కాస్త రాలితే మళ్ళీ పూసేవారు. ఐటీ అమ్మాయి దూరం నుంచి మా కంప్యూటరులోకి వచ్చినప్పుడల్లా, "మేడం, కోడలి చెట్టు అంటే ఏంటి మేడం?" అని కిసుక్కున నవ్వేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

పోయిన ఏడాది, బదనికలు కోయించే పని సగంలో ఉండగా, తోట నుంచి వచ్చి ఛాతీలో పట్టేసినట్టుందని పడుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయారు. మిగతా సగం చెట్లు అలాగే ఉండిపోయాయి. ఈ ఏడు మా ఆయనకి బడి, పరీక్షలు. మొన్న తోటకెళ్తే కొమ్మల మీద పచ్చగా, కళగా మెరుస్తూ కనపడ్డాయి. ఇంటికొచ్చి నేనే మనుషుల్ని మాట్లాడి కోయించాను. మనుషులు చెట్లెక్కుతుంటే కింద నిలబడి తల ఎత్తి చూస్తూ చూస్తూ నీళ్ళ గుంటలో కాలేశాను.

ఇంతకీ నిన్నటి సంగతి. నెట్టు పోయింది ఆయన వల్ల కాదు, ఆ సున్నం పుల్ల పనైపోయింది. లోపల ఏం కాలిందో, ఎక్కడ గుచ్చినా ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటరు లోపలి వైఫై ఎప్పుడో మూలపడింది, ఫోను నెట్టు కాల్‌కి చాలదు. మధ్యాహ్నం మేనేజరుతో కాల్. ఇంకోసారి మాత్రం నా చేతుల్లో ఉండదన్న మాట ఇంకా అలాగే ఉంది. బజారుకి పరిగెత్తి కొత్త పుల్ల తెచ్చి గుచ్చాను. అదృష్టం, డ్రైవరు తనే వెతుక్కుంది. నెట్టు వచ్చింది. ఐటీ అమ్మాయికి ఫోను చేసి అన్నీ సరిచూసుకున్నాను. చివర్లో కొత్తదానికి అలవాటుగా పాత పేరే పెట్టబోయాను. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది, వేరే పేరు ఇవ్వమంది.

"ఎక్కడుందమ్మా? ఆ పుల్ల నా చేతిలోనే ఉంటే!" అన్నాను.

"తీసేసినా దాని గుర్తు లోపల ఉండిపోతుంది మేడం. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలు చూపించు అని నొక్కండి."

నొక్కాను. పేర్ల వరసలో మసకగా, బూడిదరంగులో ఇంకొక పేరు తేలింది. ఆయన తెచ్చిన పుల్లదే. చేతిలో పుల్ల చచ్చింది, తెచ్చినాయన లేడు, లోపల మాత్రం నా పేరు పట్టుకుని కూర్చునే ఉంది. పోయాక కూడా అడ్డమేనా మావయ్యగారూ అని విసుక్కున్నాను. విసుక్కుంటుండగానే తెర మసకబారింది. మసకబారింది తెర కాదని కాసేపటికి తెలిసింది.

"అది ఇప్పుడు లేదు కదా మేడం. కుడివైపు నొక్కి తీసేయండి. పేరు ఖాళీ అయిపోతుంది" అంది ఐటీ అమ్మాయి.

మౌసు దాని మీద పెట్టాను. ఇది నేను పెట్టింది కాదు. మా ఆయన పెట్టలేదు. పిట్ట పెట్టలేదు.

"తీశారా మేడం?"

"లేదమ్మా. ఉండనీ. అది ఎవరు పెట్టారో నాకు తెలుసు."

కొత్తదానికి 'కోడలి చెట్టు రెండు' అని పేరు పెట్టాను. కాల్ మధ్యలో ఎక్కడా తెగలేదు. అయ్యాక వెళ్ళి అత్తయ్య పళ్ళెంలోంచి సున్నం డబ్బా తీసుకుని, కొత్త పుల్ల మీద జాగ్రత్తగా, లోపలికి పోకుండా చిన్న బొట్టు పెట్టాను. అత్తయ్య చూస్తూనే ఉంది. ఈ ఏడాదిలో ఆయన గురించి ఒక్క మాటా ఎత్తని మనిషి. తమలపాకు మడుస్తూ, "ఇంకాస్త పెద్దదే పెట్టవే" అంది. "ఆయనకి కనపడొద్దూ?"